మొదటి వెబ్‌సైట్‌కి ఏ బిల్డర్ తీస్కోవాలె: విక్సా, గూగుల్ సైట్సా, వర్డ్‌ప్రెస్సా?

మిర్యాలగూడల రైస్ మిల్లోళ్లు గానీ, పాలమూరుల ట్యూషన్ నడిపేటోళ్లు గానీ, గద్వాల చీరలు అమ్మేటోళ్లు గానీ, అందరు అడిగేది ఒక్కటే, "అన్నా మాకు కోడింగ్ రాదు, మౌస్‌తోని లాగి పెట్టుకుని సైట్ కట్టుకునే బిల్డర్లు ఉంటయంట కదా, అండ్ల ఏది మంచిది?" అని. నేనైతే సీదా జవాబు చెప్పకుండ ముందుగాల ఇంకోటి అడుగుత, సైట్ కట్టుడు అయిపోయినంక ఆర్నెల్లకి అండ్ల ఫోన్ నంబర్ మార్చాల్సొస్తే మీ తాన ఎవరు మారుస్తరు అని. ఎందుకంటే మొదటి దినం అన్ని బిల్డర్లు ఈజీనే అనిపిస్తయి, టెంప్లేట్లు, అంటే ముందే చేసిపెట్టిన డిజైన్లు, చూస్తే అన్నీ మస్తుగుంటయి, తేడా తెలిసేది రెండో సంవత్సరంల. రెన్యువల్ బిల్లు ఎంతొస్తది, కట్టిచ్చిన పోరడు హైదరాబాద్‌ల జాబొచ్చి పోతే ఎవరు చూస్కుంటరు, ఇది వద్దనుకుంటే మన సామాన్ సర్దుకుని ఇంకో తావుకి పోగలమా. ఏది మంచిదని చెప్పినా నేను ఈ లెక్కలనే చెప్త.

అసలు సైట్ కావాల్నా అనేది కూడ ఒకసారి సోంచాయించుకోవాలె. కిరాణం, టిఫిన్ సెంటర్, టైలర్ షాపు, బోరు బండి, ఇసొంటియాటికి గూగుల్ మ్యాప్స్‌ల కనపడే బిజినెస్ ప్రొఫైల్ చాలు. అది ఫ్రీ, ఫోన్‌లనే చేస్కోవచ్చు, టైమింగ్స్, ఫోటోలు, కాల్ బటన్, దారి అన్నీ అండ్లనే ఉంటయి, వెరిఫికేషన్ కూడ ఇప్పుడు ఎక్కువ మందికి దుకాణం బోర్డు, లోపల, బయట కనపడేటట్టు వీడియో తీసి పంపితే అయిపోతది. ఇదివరకు ఆ ప్రొఫైల్ తోనే గూగుల్ ఒక చిన్న సైట్ కూడ ఫ్రీగ ఇచ్చేది, అడ్రస్ చివర్ల బిజినెస్ డాట్ సైట్ అని ఉండేది, దాన్ని 2024 మార్చిల బంద్ చేసిన్రు. ఆ లింకునే విజిటింగ్ కార్డుల మీద, ఫ్లెక్సీల మీద కొట్టిచ్చుకున్నోళ్లకి అవన్నీ బేకారైనయి. ఫ్రీగ ఇచ్చినోడు ఎప్పుడన్న గుంజుకోవచ్చు, కంపెనీ ఎంత పెద్దదైనా సరే, అందుకని ఏ బిల్డర్ పట్టుకున్నా అడ్రస్ మాత్రం సొంతది ఉండాలె, దాని సంగతి చివర్ల చెప్త.

సైట్ నిజంగ పనికొచ్చేది చెప్పాల్సింది ఎక్కువ ఉన్నోళ్లకి. ఫంక్షన్ హాల్ అనుకో, హాల్ ఎంతమందికి సరిపోతది, ఏసీ రూములెన్ని, జనరేటర్ ఉందా, డెకరేషన్ బయటోళ్లని రానిస్తరా, ఇవన్నీ ఫోన్‌ల ఒక్కొక్కరికి చెప్పేకన్నా ఒక లింకు పంపితే నయం. రైస్ మిల్లు అయితే బయటి రాష్ట్రం పార్టీ లోడు మాట్లాడే ముందు మీ పేరు గూగుల్‌ల కొట్టి చూస్తడు. కాలేజీ, కోచింగ్ సెంటర్, చేనేత సొసైటీ, సోమశిల దిక్కు టూరిస్టులకి రూములిచ్చేటోళ్లు, వీళ్లకి కూడ కావాలె.

ఇగ అసలు ముచ్చట. డ్రాగ్ అండ్ డ్రాప్ అని అందరు ఒకటే పేరు పెడ్తరు గాని అండ్ల రెండు తీర్లున్నయి, ఇది తెలుసుకోకుండ తీస్కుంటే తర్వాత పరేషాన్ అయితది. ఒక తీరుల డబ్బా ఎక్కడ వదిలితే అక్కడనే నిలబడ్తది, ఫోటోని రెండు ఇంచులు పక్కకి జరపాల్నన్నా, దాని మీద అక్షరాలు అడ్డంగ పెట్టాల్నన్నా నీ ఇష్టం, విక్స్ మామూలు ఎడిటర్ ఇట్లనే పేరు తెచ్చుకున్నది. ఇంకో తీరుల పేజీ వరుసలు వరుసలుగ ఉంటది, నువ్వు లాగి వదిలినా అది ఒక గడిలకి పోయి సక్కగ కూసుంటది, గూగుల్ సైట్స్, వర్డ్‌ప్రెస్ బ్లాకులు ఈ తీరు. కొత్తగ నేర్చుకునేటోళ్లకి మొదటిదే బాగ నచ్చుతది, అడ్డు చెప్పేటోడు లేడు కదా. నేను మాత్రం రెండోదే తీస్కోమంట. మన తాన సైట్ చూసేటోళ్లు దాదాపు అందరు ఫోన్‌లనే చూస్తరు, కట్టేది లాప్‌టాప్ మీద. లాప్‌టాప్ల ఫోటో పక్కన ముద్దుగ కనపడ్డ ఫోన్ నంబర్ డబ్బా ఫోన్‌లకి వచ్చేసరికి ఫోటో కిందికో, మెనూ మీదికో పోతది. విక్స్‌ల దీనికోసం మొబైల్ వ్యూ అని వేరే ఉంటది, అండ్లకి పోయి మళ్ల అన్నీ సర్దాలె, కొత్తగ ఏదన్న కలిపినప్పుడల్లా అటు కూడ చూడాలె. మొదటి నెల చూస్తరు, తర్వాత ఎవరు చూడరు. గడుల తీరుల ఈ లొల్లి చాలావరకు ఉండదు, అందం కొద్దిగ తక్కువైతది గాని ఫోన్‌ల ఆగమాగం కాదు.

గట్లని విక్స్ బేకార్ అని కాదు. 2006ల ఇజ్రాయెల్‌ల మొదలైన కంపెనీ, బిల్డర్లల్ల పాతది, అపాయింట్‌మెంట్ బుకింగ్, ఫారాలు, గ్యాలరీలు అన్నీ లోపలనే దొరుకుతయి, డెంటల్ క్లినిక్, బ్యూటీ పార్లర్, ఫోటో స్టూడియో లాంటోళ్లకి బుకింగ్ కావాల్నంటే ఇంత తక్కువ తక్లీఫ్‌తోని ఇంకోటి చూపించలేను. ఫ్రీ ప్లాన్ గడువు లేకుండ ఉంచుకోవచ్చు, కాకపోతే పైన విక్స్ యాడ్ పట్టీ కనపడ్తది, అడ్రస్ పొడుగ్గ వాళ్ల పేరుతోని ఉంటది, సొంత డొమైన్, అంటే మన పేరుతోని వెబ్ అడ్రస్, పెట్టాల్నంటే పైసలు కట్టాల్సిందే. ఇంకో రెండు సంగతులు ముందే తెల్వాలె. ఒకటి, టెంప్లేట్ ఎంచుకుని కట్టుడు మొదలుపెట్టినంక ఇంకో టెంప్లేట్‌కి మార్చుడు ఉండదు, కొత్తది కావాల్నంటే కొత్త సైట్ కట్టుకోవాలె. రెండు, కట్టింది వాళ్ల సర్వర్ మీదనే నడుస్తది, తీస్కపోయి ఇంకో హోస్టింగ్‌ల, అంటే సైట్ పెట్టుకోనీకి కిరాయికి తీస్కునే ఇంకో సర్వర్‌ల, పెట్టుకోలేం. అంటే రేటు పెంచితే ఉండుడో, మొత్తం మళ్ల మొదటికెళ్లి కట్టుడో. ఏదన్న కోర్సుల ప్రాజెక్టుకి, లేకపోతే చెయ్యి తిరగనీకి ఫ్రీ విక్స్ మంచిదే, పదేండ్లు నడిపే సంస్థకి జర ఆలోచించాలె.

గూగుల్ సైట్స్ గురించి ఎవరు యాడ్ ఇయ్యరు, ఎందుకంటే అమ్మేటోడు లేడు. 2016ల కొత్తగ మార్చి తెచ్చిన్రు, జీమెయిల్ ఉంటే చాలు, పైసా కట్టేది లేదు, యాడ్స్ రావు, సొంత డొమైన్ కొనుక్కుంటే దాన్ని కూడ ఫ్రీగనే కలపొచ్చు. ప్రైవేట్ స్కూల్, ట్యూషన్, ఊరి గుడి కమిటీ, యూత్ అసోసియేషన్, పాత విద్యార్థుల గ్రూపు, వీళ్లెవరడిగినా నేను కళ్లు మూసుకుని ఇదే చెప్త. అడ్మిషన్ ఫారం కావాల్నంటే గూగుల్ ఫారం లోపల పెట్టొచ్చు, నింపినోళ్ల పేర్లు షీట్‌లకి పోతయి, మ్యాపు, యూట్యూబ్ వీడియో, డ్రైవ్‌ల ఉన్న పీడీఎఫ్ అన్నీ అతుక్కుంటయి. ఇంకా మంచి సంగతి, ఎడిటింగ్ ఇంకొకరికి ఇయ్యొచ్చు, పాస్‌వర్డ్ చెప్పాల్సిన పనిలేకుండ మెయిల్ ఐడీ కొట్టి షేర్ చేస్తే చాలు, కమిటీ మారితే పాతాయన్ని తీసేసి కొత్తాయన్ని కలుపుతరు. లోటు ఏందంటే, చూపుకి సాదాగ ఉంటది, ఎంత గింజుకున్నా ఒక హద్దు దాటి డిజైన్ రాదు, షాపింగ్ కార్ట్ లేదు, బ్లాగు లేదు, ఎడిటింగ్‌కి కంప్యూటర్ ముందు కూసోవాలె. నోటీసు పెట్టుడు, ఫోటోలు పెట్టుడు, ఫీజు వివరాలు పెట్టుడు ఇంతవరకే పని అయితే సాదాగ ఉండుడే నయం.

వర్డ్‌ప్రెస్ దగ్గర అందరికి ఒక తికమక ఉంటది. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ అనేది ఆటోమాటిక్ అనే కంపెనీ నడిపే సర్వీసు, ఖాతా తెరిస్తే చాలు సైట్ వాళ్ల తాన ఉంటది, ఫ్రీల అడ్రస్ వాళ్ల పేరుతోని ఉంటది, యాడ్స్ వస్తయి, ప్లగిన్లు (సైట్‌కి కొత్త పనులు కలిపే చిన్న సాఫ్ట్‌వేర్లు) పెట్టుకోలేం. వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్ నుంచి తెచ్చుకునేది సాఫ్ట్‌వేర్, 2003 నుంచి ఉన్నది, అది ఫ్రీ, హోస్టింగ్ మనం కొనుక్కోవాలె. యూట్యూబ్ల "వర్డ్‌ప్రెస్ నేర్చుకోండి" అని చెప్పేటోళ్లు ఎక్కువగ ఈ రెండోదాని గురించే చెప్తరు, చూసినోళ్లు పోయి మొదటిదాంట్ల ఖాతా తెరుస్తరు, వీడియోల కనపడ్డ బటన్ ఇక్కడ లేదేందని పరేషాన్ అయితరు. ప్రపంచంల ఉన్న సైట్లల్ల 40 శాతం పైన వర్డ్‌ప్రెస్ మీదనే నడుస్తున్నయి. మనకి దాని లాభం ఏందంటే, నల్గొండల అయినా పాలమూరుల అయినా కంప్యూటర్ సెంటర్ల చుట్టు అడిగితే వర్డ్‌ప్రెస్ వచ్చిన పోరడు ఒకడు దొరుకుతడు, కట్టినోడు ఫోన్ ఎత్తకపోయినా పని ఆగదు. మొత్తం సైట్‌ని మూటగట్టి ఇంకో హోస్టింగ్‌కి కూడ మార్చుకోవచ్చు. అడ్మిన్ లోపల తెలుగు భాష కూడ పెట్టుకోవచ్చు, అన్ని మాటలు తెలుగుల రావు గాని ఇంగ్లీష్ చూస్తే భయపడే పెద్దోళ్లకి కొంత నయం.

వర్డ్‌ప్రెస్ కష్టం అనే మాట పాతది. 2018 డిసెంబర్ల 5.0 వెర్షన్‌తోని బ్లాక్ ఎడిటర్ వచ్చినకాన్నుంచి పేజీ కట్టుడు మిగతా బిల్డర్ల తీరుకి దగ్గరికొచ్చింది. కష్టం ఇప్పుడు కట్టుడుల లేదు, కాపాడుకునుడుల ఉన్నది. ప్లగిన్లు అప్‌డేట్ చెయ్యకుండ సంవత్సరం వదిలేస్తే పాత ప్లగిన్‌ల ఉన్న సందుల నుంచి ఎవడో దూరి సైట్ తెరిస్తే రమ్మీ యాడ్ వచ్చేటట్టు చేస్తడు. మాకు తెలిసిన ఒక కోచింగ్ సెంటర్‌కి గిట్లనే అయింది, అడ్మిషన్ల సీజన్‌ల తల్లిదండ్రులు లింకు నొక్కితే జూదం పేజీకి పోయింది, హోస్టింగోడు మాకేం సంబంధం అన్నడు, సైట్ కట్టినాయన ఫోన్ ఎత్తలే. అందుకని నెలకొకసారి లోపలికి పోయి అప్‌డేట్ నొక్కే మనిషి ఉంటేనే సొంత హోస్టింగ్‌ల వర్డ్‌ప్రెస్, లేకపోతే వద్దు. ఎలిమెంటర్ లాంటి పేజీ బిల్డర్ ప్లగిన్ పెడ్తే లాగుడు ఇంకా సులువైతది, కట్టిచ్చేటోళ్లు కూడ ఎక్కువ దాంతోనే కడ్తరు, కాకపోతే రేపు ఆ ప్లగిన్ తీసేస్తే రాతలు మిగుల్తయి గాని డిజైన్ పోతది. చిన్న సైట్‌కి వట్టి బ్లాకులతోనే కట్టుమను, తేలికగ కూడ తెరుచుకుంటది.

స్క్వేర్‌స్పేస్ చూడనీకి అన్నిటికన్నా నీటుగుంటది, ఫ్రీ ప్లాన్ లేదు, 14 రోజుల ట్రయల్ తర్వాత పైసలు కట్టాలె, ఆర్కిటెక్టులకి, పెళ్లి ఫోటోగ్రాఫర్లకి బాగుంటది, మిగతావాళ్లు అటు పోవాల్సిన పని లేదు. కార్డ్ (Carrd) అని ఇంకోటి ఉన్నది, ఒకే పేజీ సైట్లకి, ఫ్రీల మూడు సైట్ల వరకు కట్టుకోవచ్చు, పైసల ప్లాన్ కూడ చవకనే. కాన్వాల ఫ్లెక్సీలు, పెళ్లి కార్డులు చేసేటోళ్లకి చెయ్యి అలవాటున్నది కాబట్టి దాంట్లనే ఒక పేజీ సైట్ పబ్లిష్ చెయ్యొచ్చు, పెళ్లి పత్రికకో, ప్రారంభోత్సవానికో సరిపోతది. ఇగ ఏఐ బిల్డర్లు, నాలుగు ప్రశ్నలు అడిగి సైట్ మొత్తం కట్టిస్తనంటయి, కట్టిస్తయి కూడ, కాకపోతే ఎరువుల దుకాణం అని కొడ్తే టోపీ పెట్టుకున్న తెల్లాయన ట్రాక్టర్ పక్కన నవ్వుకుంట నిలబడ్డ ఫోటో వస్తది, కింద ఇంగ్లీషుల రెండు పేరాలు గొప్పలు. అది చూసి దేవరకొండ రైతు ఏం నమ్ముతడు, మీ దుకాణం ముందట నిలబడి తీసిన ఒక్క ఫోటో దానికన్నా నయం.

చీరలు అమ్మేటోళ్ల లెక్క వేరే, ఇక్కడ జర ఆగి చెప్పాలె. గద్వాల, నారాయణపేట, పోచంపల్లి, పుట్టపాక దిక్కు అందరు షాపిఫై అంటున్నరు. షాపిఫై అమ్మకానికే పుట్టింది, స్టాక్, ఆర్డర్, కొరియర్ లెక్కలు దాంట్ల ఉన్నంత సక్కగ ఇంకోదాంట్ల లెవ్వు. కాకపోతే అమ్మినా అమ్మకపోయినా నెలనెల కట్టాలె, ఆన్‌లైన్‌ల పైసలు తీస్కునిచ్చే పేమెంట్ గేట్‌వే కమీషన్ దాదాపు 2 శాతం పోతది, దాని మీద షాపిఫై కూడ తన వంతు కొంత తీస్కుంటది. అది కాదు అసలు సంగతి. మగ్గం చీర ఒక్కోటి ఒక్క పీసే. మిల్లు చీరలెక్క ఒక డిజైన్ వంద పీసులుండవు. కాబట్టి ప్రతి చీరకి ఫోటోలు తియ్యాలె, అంచు, కొంగు, బ్లౌజు పీసు వేరేగ చూపాలె, రేటు రాయాలె, అది దుకాణంల ఎవరన్న కొనుక్కపోతే ఎమ్మటే సైట్‌ల తీసేయాలె, లేకపోతే ఇక్కడ అమ్ముడుపోయిన చీరకి ఆన్‌లైన్‌ల పైసలు పడ్తయి, ఇగ వాపస్ లొల్లి. ఈ పని రోజు చేసే మనిషిని పెట్టుకునే తాహతు ఉంటే షాపిఫై తీస్కో, లేకపోతే వర్డ్‌ప్రెస్ మీద వూకామర్స్ అనే అమ్మకాల ప్లగిన్. ఇద్దరు ముగ్గురే నడిపే దుకాణమైతే రెండూ వద్దు. మగ్గం ఫోటోలు, మీ కథ, జీఐ ట్యాగ్ (ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు) వివరం, దారి ఇవన్నీ ఒక చిన్న సైట్‌ల పెట్టి, చీరలు వాట్సాప్ బిజినెస్ కేటలాగ్‌ల పెట్టు, అండ్ల 500 వరకు పెట్టుకోవచ్చు, ఫోన్‌లనే ఒక్క నొక్కుతోని తీసేయొచ్చు. సైట్ల ఒక వాట్సాప్ బటన్ పెడ్తే నొక్కినోళ్లు సీదా మీ చాట్‌లకి వస్తరు. చీర కొనేటోళ్లు ఎట్లయినా "ఇంకో ఫోటో పంపు, ఎండల తీసి పంపు" అని అడుగుతరు, కార్ట్ ఉన్నా అడుగుతరు.

ఫోటోల బరువు కూడ చూస్కోవాలె. ఫోన్ కెమెరా ఫోటో ఒక్కోటి మూడు నాలుగు ఎంబీ ఉంటది, ఒక పేజీల ఇరవై పెడ్తే అచ్చంపేట అవతలి తండాల సిగ్నల్ మీద ఆ పేజీ తెరుచుకునేసరికి మనిషి లేచిపోతడు. స్క్వూష్ అని గూగుల్‌ది ఫ్రీ టూల్ బ్రౌజర్లనే పనిచేస్తది, అండ్ల తగ్గించి పెట్టు, రెండొందల కేబీకి తెచ్చినా కంటికి తేడా తెల్వదు.

తెలుగు సంగతి బిల్డర్ రివ్యూలల్ల ఎవరు రాయరు, మనకేమో అదే ముఖ్యం. కరపత్రం కొట్టిచ్చిన డీటీపీ సెంటర్ నుంచి మ్యాటర్ తెచ్చి సైట్‌ల పేస్ట్ చేస్తే తెలుగుకి బదులు గజిబిజి గుర్తులొస్తయి, ఎందుకంటే అక్కడ అను ఫాంట్లల్ల కొడ్తరు, అది యూనికోడ్, అంటే అన్ని ఫోన్లు, కంప్యూటర్లు చదివే అక్షరాల పద్ధతి, కాదు. బిల్డర్ తప్పేం లేదు, ఏ బిల్డర్ల పెట్టినా గట్లనే వస్తది. కన్వర్టర్‌ల వేసి యూనికోడ్‌కి మార్చాలె, మార్చినంక ఒకసారి చదవాలె, వత్తులు అక్కడక్కడ తప్పుతయి. లేదంటే ఫోన్‌ల గూగుల్ కీబోర్డుతోని నోటితో చెప్పి కొట్టిస్తే ఇంకా జల్ది అయితది. రెండోది, టెంప్లేట్లన్నీ ఇంగ్లీష్ అక్షరాల కోసం చేసినయి, పెద్ద హెడ్డింగ్ల వరుసల మధ్య సందు తక్కువ పెడ్తరు. "శ్రీ లక్ష్మీ కృష్ణా ట్రేడర్స్" అని రెండు వరుసలల్ల పడితే పైవరుస వత్తులు కిందివరుస గుడుల మీద ఎక్కుతయి. అందుకని టెంప్లేట్ నచ్చంగనే ఫోటోలు పెట్టకుండ ముందుగాల మీ దుకాణం పేరు తెలుగుల హెడ్డింగ్‌ల కొట్టి ఫోన్‌ల చూడు. లైన్ హైట్, అంటే వరుసల మధ్య సందు, పెంచనీకి వీలుంటే మంచిదే, లేకపోతే ఆ టెంప్లేట్ మనది కాదు. ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌ల ఫ్రీగనే ఉన్నయి, హెడ్డింగ్‌కి రామభద్ర, చదివే రాతకి మండలి గాని నోటో శాన్స్ తెలుగు గాని. వర్డ్‌ప్రెస్‌ల 2024ల వచ్చిన 6.5 నుంచి ఫాంట్ లైబ్రరీ ఉన్నది, బ్లాక్ థీమ్ (మొత్తం బ్లాకులతోనే చేసిన డిజైన్) అయితే లోపలనే ఎక్కించుకోవచ్చు.

పైసల లెక్కల యాడ్‌ల కనపడ్డ నెల రేటుని నమ్మొద్దు. హోస్టింగోళ్లు రాసే ఆ తక్కువ రేటు మూడు నాలుగేండ్లది ఒక్కసారే కడ్తే వచ్చేది, రెన్యువల్ నాటికి అది రెండింతలు మూడింతలు కావచ్చు, మీద జీఎస్టీ 18 శాతం. మొదటేడు డొమైన్ ఫ్రీ అంటరు, రెండో ఏడు రేటు కింద చిన్నక్షరాలల్ల ఉంటది, కట్టేముందు అదే చూడాలె. డాలర్లల్ల బిల్లు వేసే కంపెనీ అయితే బ్యాంకు మార్పిడి చార్జీ కూడ పడ్తది. 2020 నుంచి కొత్త కార్డులల్ల విదేశీ లావాదేవీలు బంద్ ఉండే వస్తయి, బ్యాంకు యాప్ల పోయి ఆన్ చేస్కోవాలె. ఆటో రెన్యువల్ మీద భరోసా పెట్టుకోవద్దు, 2021 అక్టోబర్ నుంచి ఆర్బీఐ రూల్ ప్రకారం ముందుగ మన అనుమతి నమోదు లేకపోతే ఆటో డెబిట్ ఫెయిల్ అయితది, మెయిల్ వస్తది, ఆ మెయిల్ ఎవరు చూడరు, ఒకనాడు సైట్ కనపడది. ఫోన్ క్యాలెండర్ల గడువుకి నెల ముందు అలారం పెట్టుకో.

డొమైన్ బిల్డర్ తాన కాకుండ వేరే రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మే కంపెనీ) తాన కొనమంట, బిల్డర్ మారినా అడ్రస్ మారదు. డాట్ ఇన్ చాలు, డాట్ కామ్ కూడ దొరికితే రెండూ తీస్కో. పేరుల ఊరు పెట్టే ముందు ఆలోచించు, మహబూబ్‌నగర్‌ని ఇంగ్లీషుల ఒక్కో బోర్డు మీద ఒక్కో తీరుగ రాస్తరు, పాలమూరుల కూడ ఒక యూనా రెండు ఓలా అని జనం తికమక పడ్తరు, ఫోన్‌ల చెప్తే ఒక్కసారికే రాస్కునే పేరు ఉండాలె. ఇంకోటి, డొమైన్ కొనేది ఓనర్ మెయిల్ ఐడీ మీద, ఓనర్ పేరు మీద. సైట్ కట్టిచ్చినాయన తన ఖాతాలనే కొని పెడ్తే రేపు ఆయనతోని మాట పడనప్పుడు పేరు ఆయన చేతుల ఉంటది. బిల్డర్ ఖాతాకైనా, డొమైన్ ఖాతాకైనా ఓటీపీ వచ్చే నంబర్ ఓనర్‌ది ఉండాలె, కౌంటర్ల కూసునే పోరనిది కాదు.